శిక్షణ విమానం కూలిన ఊరికి దర్యాప్తు నివేదిక తెలుగులో రావాలి

సంపాదకుల వారికి నమస్కారం.

నేను నల్లగొండ జిల్లా హాలియా ప్రాంతంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పి, ఈ మధ్యనే పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా విమానం కూలిపోయినప్పుడు, సరిగ్గా నెల తిరిగేసరికి దాని ప్రాథమిక నివేదిక బయటికి వచ్చింది. అందులోని ఒక్కొక్క వాక్యాన్ని పట్టుకుని మన పత్రికలు పేజీలకు పేజీలు రాశాయి. మా హాలియా సెంటర్లో చాయ్ హోటల్ దగ్గర కూర్చునే వాళ్లు సైతం ఇంధనం స్విచ్చుల గురించి గంటల తరబడి వాదించుకున్నారు. 260 మందిని బలిగొన్న ప్రమాదం అది, ఆ చర్చ జరగవలసిందే. అయితే ఆ మాటలు వింటున్నంతసేపూ నా మనసు మాత్రం మాకు కూతవేటు దూరంలో, ఒకే ఒక్క ప్రాణం పోయిన ఇంకో ప్రమాదం చుట్టూ తిరిగింది. దాని గురించి మా ఊళ్లలో ఈనాటికీ ఎవరికి తోచింది వారు చెప్పుకుంటున్నారే తప్ప, దర్యాప్తు ఏం తేల్చిందో తెలుగులో చదివి చెప్పగల మనిషి నాకు ఒక్కరూ తారసపడలేదు. ఆ సంగతి మీ ద్వారా సంబంధిత అధికారుల దృష్టికి వెళ్లాలన్న కోరికతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

2022 ఫిబ్రవరి 26, శనివారం ఉదయం పెద్దవూర మండలం తుంగతుర్తి శివారు పొలాల్లో సెస్నా 152 రకం శిక్షణ విమానం ఒకటి కూలిపోయింది. సూర్యాపేట జిల్లాలోని తుంగతుర్తి వేరు, ఇది వేరు. పేరు ఒకటే కావడంతో బయటి వారు ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు కనుక చెబుతున్నాను. కృష్ణకు ఆవలి ఒడ్డున, ఆంధ్రప్రదేశ్ వైపు విజయపురి సౌత్‌లో ఉన్న నాగార్జునసాగర్ ఎయిర్‌స్ట్రిప్ నుంచి ఎగిరిన విమానం అది. తమిళనాడు నుంచి చదువుకోవడానికి వచ్చిన ఒక శిక్షణార్థి అందులో ఒంటరిగా ఉంది. శిక్షకుడు పక్కన లేకుండా విద్యార్థి తానొక్కతే నడిపే ప్రయాణాన్ని వాళ్ల భాషలో సోలో అంటారు. ఆ అమ్మాయి అక్కడికక్కడే చనిపోయింది. కరెంటు తీగలు తగిలి ఉండవచ్చని పోలీసులు అనుమానిస్తున్నట్టు ఆ రోజు వార్తలు వచ్చాయి. చప్పుడు విని ముందుగా పరుగెత్తుకు వెళ్లింది చుట్టుపక్కల చేలల్లో పని చేసుకుంటున్న రైతులూ కూలీలూ.

సోమవారం బడి తెరిచేసరికి ఫిబ్రవరి 28, జాతీయ సైన్సు దినోత్సవం. 1928లో ఆ రోజున వెల్లడైన రామన్ ఎఫెక్ట్ గురించి ఏటా చెప్పే పాఠమే చెప్పాలని తొమ్మిదో తరగతిలోకి అడుగు పెట్టాను. హాజరు పిలవడం పూర్తి కాకముందే వెనక బెంచీ నుంచి ఒక పిల్లవాడు లేచి, "సారూ, ఇంజను బందైతే విమానం రాయి లెక్క పడ్తదా?" అని అడిగాడు. రామన్‌ను పక్కన పెట్టి, రఫ్ నోట్‌బుక్ లోంచి కాగితం చింపి విమానం మడిచాను. బల్లకు సమాంతరంగా వదిలితే అది ఇంజను లేకుండానే నల్లబల్ల దగ్గర నుంచి మూడో బెంచీ దాకా మెల్లగా దిగుతూ వెళ్లింది. అదే కాగితాన్ని ముక్కు బాగా పైకెత్తి విసిరితే, కొంచెం పైకి పోయి, గాలిలో ఒక్క క్షణం ఆగినట్టై, తలకిందులుగా నేలను కొట్టుకుంది. రెండింటికీ తేడా ఇంజనులో లేదని, రెక్కకూ ఎదురుగాలికీ మధ్య ఉండే కోణంలో ఉందని, ఆ కోణం హద్దు దాటితే రెక్క మోయడం మానేస్తుందని, దానినే స్టాల్ అంటారని పిల్లలకు చెప్పాను.

సెస్నా 152 చాలా చిన్న విమానం. ఇద్దరు కూర్చోవడానికే చోటు ఉంటుంది. మనుషులు, ఇంధనం అన్నీ కలిపినా దాని బరువు 757 కిలోలు మించకూడదు, ఇంజను శక్తి 110 హార్స్ పవర్. ఇంజను ఆగిపోయినా, గంటకు సుమారు 110 కిలోమీటర్ల వేగం తప్పకుండా చూసుకుంటే, గాలి నిలకడగా ఉన్న రోజున వెయ్యి అడుగుల ఎత్తు నుంచి దాదాపు రెండున్నర కిలోమీటర్లు జారుతూ వెళ్లగలదు. అందుకు పట్టే సమయం నిమిషమున్నర కూడా ఉండదు. ఆ నిమిషమున్నరలోనే విద్యార్థి దిగడానికి తగిన చేను వెతుక్కోవాలి, ఇంజను మళ్లీ అందుకుంటుందేమో చూడాలి, రేడియోలో ఆపద పిలుపైన మేడే అని మూడుసార్లు పిలవాలి, దిగే ముందు ఇంధనమూ కరెంటూ కట్టేసి తలుపు గడియ తీసి పెట్టుకోవాలి. ఇదంతా శిక్షణలో మళ్లీ మళ్లీ చేయించే అభ్యాసమే. నేను ఈ లెక్క బల్ల మీద వేసి చూపించాక, ముందు వరుసలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి, "ఆ అక్కకు ఆ నిమిషమున్నర దొరికిందా సారూ?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. తరగతిలో తెలియదని చెప్పడం నాకు కొత్త కాదు, సిగ్గూ కాదు. కానీ ఆ ప్రశ్నకు జవాబు ఎవరి దగ్గర ఉంటుందో, అది మా దాకా ఎలా వస్తుందో కూడా చెప్పలేకపోవడం నన్ను చాలా బాధించింది. ఇప్పటికీ బాధిస్తోంది.

జవాబు లేని చోట మాటలు పుట్టుకొస్తాయి. తీగలు తగిలాయని ఒకరు, ఇంజను ఆగిందని ఒకరు, మంచు కమ్మిందని ఇంకొకరు అన్నారు. వీటినైనా సహించవచ్చు. "ఆడపిల్లకు ఒక్కదానికే ఇచ్చి పంపిస్తే ఇంకేమైతది?" అన్న మాట మాత్రం నేను నా చెవులతో ఒక పెళ్లి పందిట్లో విన్నాను. అన్నవాడు చెడ్డవాడేమీ కాదు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. మన దేశంలో పైలట్లలో ఇంచుమించు 15 శాతం మంది మహిళలేనని, ప్రపంచ సగటు అందులో మూడో వంతేనని, ఈ విషయంలో మనమే ముందున్నామని ఆయనకు చెప్పాను. ఒంటరిగా ఎగరడం ఆ శిక్షణలో ప్రతి విద్యార్థీ, మగైనా ఆడైనా, తప్పనిసరిగా దాటవలసిన మెట్టు అని కూడా చెప్పాను. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగిరిన అనుభవం ఉండాలి; అందులో 100 గంటలు విమానం బాధ్యత పూర్తిగా తనదిగా ఎగరాలి. ఎవరో నిర్లక్ష్యంగా తాళం చెవి చేతికిచ్చి పంపడం కాదది. ఆయన విన్నాడు, కానీ "మరి ఎందుకు పడ్డట్టు?" అని తిరిగి అడిగాడు. మళ్లీ అదే గోడ దగ్గర ఆగిపోయాను. కారణం తెలియనంత కాలం, చనిపోయిన పిల్ల తనను తాను సమర్థించుకోలేదు కనుక, నింద తేలిగ్గా ఆమె మీదికే పోతుంది. ఈ అన్యాయాన్ని ఆపగలిగింది దర్యాప్తు నివేదిక ఒక్కటే.

మన దేశంలో ఇటువంటి ప్రమాదాలను దర్యాప్తు చేసేందుకు పౌర విమానయాన మంత్రిత్వ శాఖ కింద ఎయిర్‌క్రాఫ్ట్ యాక్సిడెంట్ ఇన్వెస్టిగేషన్ బ్యూరో ఉంది. 2012లో ఏర్పడింది. దర్యాప్తు ఉద్దేశం మళ్లీ అటువంటి ప్రమాదం జరగకుండా చూడడమే తప్ప, తప్పు ఎవరిదో, శిక్ష ఎవరికో తేల్చడం కాదని అంతర్జాతీయ ఒప్పందమే చెబుతోంది. బ్యూరో తన తుది నివేదికలను వెబ్‌సైట్‌లో అందరికీ కనబడేట్టు పెడుతుంది. ఇది మెచ్చుకోవలసిన పద్ధతి. అయితే ఆ నివేదికలు ఉండేది ఇంగ్లిష్‌లో, అదీ నిపుణులు నిపుణుల కోసం రాసుకున్న ఇంగ్లిష్‌లో. పైగా నెల రోజుల్లో ప్రాథమిక నివేదిక ఇవ్వాలన్న అంతర్జాతీయ నియమం ముఖ్యంగా 2,250 కిలోలు దాటిన విమానాలకు వర్తిస్తుంది. 757 కిలోల విమానం ఆ తూకానికి రాదు. అహ్మదాబాద్ నివేదిక కోసం దేశమంతా ఎదురు చూసినట్టు పెద్దవూర నివేదిక కోసం ఎదురు చూసేవారు లేరు. అది వచ్చిందో లేదో ఊరికి చెప్పే ఏర్పాటు కూడా లేదు.

ఇది ఒక్క మా మండలం బాధ కాదు. 2018 నవంబరులో రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలం మోకిల దగ్గర ఒక శిక్షణ విమానం పొలాల్లో పడింది, అదృష్టవశాత్తూ అందులోని విద్యార్థి గాయాలతో బయటపడ్డాడు. 2019 అక్టోబరు 6న వికారాబాద్ జిల్లా బంట్వారం మండలం సుల్తాన్‌పూర్ దగ్గర, బేగంపేట నుంచి ఎగిరిన సెస్నా 172 కూలి ఇద్దరు శిక్షణార్థులు చనిపోయారు. హైదరాబాద్ చుట్టూ, కృష్ణ ఒడ్డున, దక్షిణ తెలంగాణ పల్లెల మీద ఈ చిన్న విమానాలు తిరుగుతూనే ఉన్నాయి. మహబూబ్‌నగర్ జిల్లా దేవరకద్ర ప్రాంతంలో విమానాశ్రయం గురించిన ప్రతిపాదన కూడా చాలా ఏళ్లుగా వినబడుతోంది. అంటే మన చేల మీద నుంచి వెళ్లే విమానాలు పెరుగుతాయే తప్ప తగ్గవు. వాటిని ఆపమని నేను అడగడం లేదు. మా బడి మీదుగా విమానం వెళ్తే పాఠం ఆపి పిల్లలను వరండాలోకి వదిలిన ఉపాధ్యాయుడిని నేను.

నిరుడు వేసవిలో నా పాత విద్యార్థి ఒకాయన, బత్తాయి తోట రైతు, ఇంటికి వచ్చాడు. కూతురు ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం తీసుకుని మంచి మార్కులతో పాసైంది, పైలట్ అవుతానంటోంది. శిక్షణకు అయ్యే లక్షల రూపాయల కోసం తోటలో కొంత భాగం అమ్మడానికైనా ఆయన సిద్ధం. అడగడానికి వచ్చింది డబ్బు సంగతి కాదు. "పెద్దవూర కాడ పడ్డ విమానం నేను పోయి చూసిన సారూ. పిల్లను పంపియ్యమంటరా?" అని అడిగి, నేను ఏదో ఒకటి చెప్పేదాకా కదలనన్నట్టు కూర్చున్నాడు. పంపమనో వద్దనో చెప్పడానికి నేనెవరిని? ఫోన్ తీసి బ్యూరో వెబ్‌సైట్‌లో ఉన్న ఒక శిక్షణ విమాన ప్రమాద నివేదిక, వేరే రాష్ట్రంలో జరిగినదే, తెరిచి, ఇద్దరం కలిసి చదివాం. నేను ఒక్కొక్క పేరా తెలుగులో చెబుతుంటే ఆయన వింటూ వెళ్లాడు.

రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల్లో నాకు అర్థమైన సంగతి ఏమిటంటే, నివేదిక ఇంగ్లిష్‌లో ఉన్నంత మాత్రాన రైతుకు అర్థం కాని విషయం అందులో ఏదీ లేదు. ముందు ప్రయాణం ఎలా సాగిందో ఉంటుంది. తర్వాత పైలట్‌కు ఎన్ని గంటల అనుభవం ఉంది, వైద్య పరీక్ష ఎప్పుడు అయింది, విమానానికి సర్వీసింగ్ ఎప్పుడు చేశారు, ఆ రోజు గాలి, మబ్బు ఎలా ఉన్నాయి, రేడియోలో ఏం మాట్లాడారు, నేల మీద మొదటి గుర్తు ఎక్కడ పడింది, మంటలు లేచాయా, లోపల ఉన్నవారికి బతికే వీలు ఎంత ఉండింది, ఇలా వరుసగా సాగుతుంది. చివర సిఫార్సులు. సర్వీసింగ్ గంటల లెక్క రాగానే ఆ రైతు, "మన ట్రాక్టర్ అవర్ మీటర్ లెక్కనే కద సారూ" అన్నాడు. ఇంజను శబ్దంలో తేడా గురించి ఒక సాక్షి చెప్పిన మాట చదివితే, బోరు మోటారు ఒక ఫేజు పోయినప్పుడు ఎట్లా మూలుగుతుందో ఆయనే నాకు వివరించాడు. వెళ్లేటప్పుడు, శిక్షణ సంస్థకు వెళ్లి అడగవలసిన ప్రశ్నలు ఒక కాగితం మీద రాసుకుపోయాడు: విమానాలు ఎన్నేళ్లవి, మరమ్మతు ఎవరు చేస్తారు, పిల్లలు సోలోకు వెళ్లినప్పుడు శిక్షకుడు కింద రేడియో దగ్గర ఉంటాడా, వాతావరణం బాగాలేనప్పుడు ఎగరొద్దని చెప్పే అధికారం ఎవరిది. 2025లో పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ శిక్షణ సంస్థలకు మొదటిసారి ర్యాంకులు ప్రకటించినప్పుడు పై రెండు తరగతుల్లో ఒక్క సంస్థకూ చోటు దక్కలేదన్న వార్త చూసి, ఆయనే నాకు ఫోన్ చేసి చెప్పాడు. చదివి వినిపిస్తే అంత జాగ్రత్త పడగల తండ్రులు మన జిల్లాలో ఎందరో ఉన్నారు.

నివేదిక ఊరికి చేరడం వల్ల ఇంకొక మేలు ఉంది, నా ఉద్దేశంలో అదే అన్నిటికంటే పెద్దది. పెద్ద విమానాల్లో ఉన్నట్టు ఈ చిన్న శిక్షణ విమానాల్లో సాధారణంగా బ్లాక్‌బాక్స్ ఉండదు. కనుక ఏం జరిగిందో చెప్పవలసింది నేల మీద పడిన ముక్కలూ, చూసిన మనుషులే. ప్రొపెల్లర్ రేకులు ఎటు వంగాయో, ఎలా మెలి తిరిగాయో చూసి, నేలను తాకే క్షణంలో ఇంజను పని చేస్తోందో లేదో దర్యాప్తు అధికారులు అంచనా వేస్తారు. స్విచ్చులు ఏ స్థితిలో ఉన్నాయి, రెక్కల వెనక అంచున దిగే ఫ్లాపులు ఎంత దించి ఉన్నాయి, ట్యాంకులో ఇంధనం ఉందా, మట్టిలో మొదటి గాటు ఎక్కడ మొదలై ఎంత దూరం సాగింది, ఇవన్నీ వారికి సాక్ష్యాలే. మనం ఊరికే ముట్టుకుని చూసిన ఒక మీట, గట్టు మీదికి జరిపిన ఒక రేకు, ఫోటో కోసం తుడిచిన ఒక గాజు, ఆ సాక్ష్యాన్ని శాశ్వతంగా చెరిపేస్తుంది. లోపలి మనిషినో, చిక్కుకున్న పశువునో బయటికి తీయడానికి, మంటలు ఆపడానికి, ఇతరులకు ప్రమాదం తప్పించడానికి తప్ప శకలాలను కదిలించకూడదని నిబంధనలు ఉన్నాయి. ఆ నిబంధన ఉన్నట్టు మా మండలంలో ఎంత మందికి తెలుసు? ఆ శనివారం ఉదయమే శకలాల ఫోటోలు నా ఫోన్‌కు మూడు వేర్వేరు వాట్సాప్ గ్రూపుల నుంచి వచ్చాయి. చూడకూడని ఫోటో కూడా ఒకటి వచ్చింది. ఆ పిల్ల తల్లిదండ్రులకు అధికారికంగా కబురు అందిందో లేదో తెలియని గంటలో ఆ ఫోటోలు ఊళ్లు దాటి పోయాయి. పంపిన వారిలో నా దగ్గర చదువుకున్నవారూ ఉన్నారు. వారికి చెప్పవలసిన సమయంలో నేను చెప్పలేదన్న బాధ నాకు ఉంది.

ప్రాణం ఉన్న మనిషి లోపల ఉంటే ఏం చేయాలన్నది అంతకంటే ముఖ్యం. సెస్నా విమానాలకు రెక్కలు పైన ఉంటాయి, ఇంధనం ట్యాంకులు ఆ రెక్కల్లోనే ఉంటాయి. రెక్క చిరిగితే పెట్రోలు నేరుగా కూర్చున్న వారి మీదికే కారవచ్చు. ఆ పెట్రోలు లేత నీలిరంగులో ఉంటుంది, మన బండ్లలో పోసేదాని లాగే క్షణంలో అంటుకుంటుంది. అటువంటి చోటికి నోట్లో బీడీతో పోవడం, లాగడానికని ట్రాక్టర్‌ను ఇంజను ఆపకుండా దగ్గరికి తేవడం ఎంత ప్రమాదమో ముందే తెలిసి ఉండాలి. దగ్గరలో తీగలు తెగి వేలాడుతుంటే, సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ ఆపించి, ఆపారని నిర్ధారణ అయ్యేదాకా ఎవరినీ దగ్గరికి పోనివ్వకూడదు. కాపాడబోయి ఇంకో ప్రాణం పోకూడదు కదా. మంట భయం లేనప్పుడు, బెల్టు విప్పకుండా చేతులు పట్టి గుంజడం కాకుండా, 108 వచ్చేదాకా మెడ కదలకుండా పట్టుకుని ఉండడమే ఆ మనిషికి చేసే మేలు. ఇవి ఒక గంటలో నేర్పగల విషయాలు. ప్రమాదం జరిగిన పొలానికి అగ్నిమాపక బండి చేరాలంటే గట్లూ బాటలూ దాటుకుని ఎంత సేపు పడుతుందో మాకు తెలుసు. ఆ అరగంట పూర్తిగా ఆ చేలో ఉన్న రైతు చేతిలోనే ఉంటుంది.

తీగల గురించి కూడా ఒక మాట చెప్పాలి. సాగర్ ప్రధాన జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 815.6 మెగావాట్లు. అక్కడి నుంచి బయలుదేరిన హైటెన్షన్ లైన్లు మా గుట్టల మీదుగా, లోయల మీదుగా ఎంత ఎత్తున సాగుతాయో ఇక్కడ పుట్టినవారికి చెప్పనక్కర్లేదు. వాటికి తోడు ప్రతి బోరుబావికీ ఒక లైను, ప్రతి నాలుగు చేలకూ ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నాయి. కింద నిలబడి ఆకాశం కేసి చూస్తే తీగ స్పష్టంగా కనబడుతుంది. పై నుంచి రంగురంగుల నేల కేసి చూసేవారికి మాత్రం అది నేలలో కలిసిపోతుంది. గంటకు 160 కిలోమీటర్ల వేగంతో వచ్చే విమానం సెకనుకు 44 మీటర్లు కదులుతుంది. 200 మీటర్ల దూరంలో తీగ కంటబడినా, తప్పించుకోవడానికి నాలుగైదు సెకన్లకు మించి ఉండవు. తుంగతుర్తి ప్రమాదానికి తీగలే కారణమని నేను అనడం లేదు, దానిని నివేదికే చెప్పాలి. అయితే శిక్షణ విమానాలు తిరిగే ప్రాంతంలో లోయలను, నదిని దాటే ఎత్తైన లైన్లకు నారింజ రంగు గోళాలు కట్టడానికి ఏ నివేదిక కోసమూ ఆగనక్కర్లేదు. విద్యుత్ శాఖ, విమానయాన శాఖ ఒకసారి కలిసి కూర్చుని మ్యాప్ ముందు పెట్టుకుంటే ఎక్కడెక్కడ కట్టాలో తేలిపోతుంది. అత్యవసరంగా దిగవలసి వస్తే విద్యార్థులు వెతికేది చదునైన పొలమే. యాసంగిలో మా సాగర్ ఎడమ కాలువ కింద పొలాలన్నీ నీళ్లు నిలిచిన నాట్లు. పై నుంచి పచ్చగా చదునుగా కనిపిస్తాయి, కానీ బురదలో ముందు చక్రం దిగబడితే విమానం తిరగబడే ప్రమాదం ఉంది. ఏ నెలలో ఏ చేను గట్టిగా ఉంటుందో ఇక్కడి రైతుకు తెలిసినంతగా దూరప్రాంతం నుంచి వచ్చిన విద్యార్థికి తెలియదు. శిక్షణ ఇచ్చేవారు ఏడాదికోసారి కింది ఊళ్ల రైతులతో కూర్చుని మాట్లాడితే ఇరువురికీ పనికి వస్తుంది.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. పౌర విమాన ప్రమాదం జరిగిన గ్రామ పంచాయతీకి, తుది నివేదిక వెలువడగానే, దాని సారాంశం తెలుగులో రెండు మూడు పేజీలు పంపాలి. దానిని గ్రామసభలో ఒకసారి చదివించాలి. మొదటి పని తుంగతుర్తితోనూ సుల్తాన్‌పూర్‌తోనూ మొదలుపెట్టాలి. ఆ ఊళ్ల రైతులు సాక్ష్యం చెప్పారు, పొలాలు తొక్కించుకున్నారు, ఆ దృశ్యాన్ని కళ్లారా చూశారు. ఎందుకు జరిగిందో తెలుసుకునే హక్కు వారికి ఉంది. జిల్లా కలెక్టర్ గారు పూనుకుంటే ఇందుకు ఢిల్లీ దాకా పోవలసిన అవసరం కూడా లేదనుకుంటున్నాను.

తెలుగు చేసే పని ఎవరిదన్న ప్రశ్న వస్తే, నేను సిద్ధంగా ఉన్నాను. ఏ ప్రతిఫలమూ అక్కర్లేదు. నలభై ఏళ్లకు దగ్గరగా భౌతికశాస్త్రం తెలుగులో చెప్పినవాడిని కనుక మాటలకు లోటు రాదు. సాంకేతిక విషయాలు సరిచూసి సంతకం పెట్టడానికి విమానయాన శాఖ నుంచి ఒక అధికారిని కేటాయిస్తే చాలు. తుంగతుర్తి గ్రామసభ ఏ రోజు పెట్టినా హాలియా నుంచి బస్సెక్కి వచ్చి నేనే చదివి వినిపిస్తాను. ఆనాడు తరగతిలో ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి ఇప్పుడు నల్లగొండలో డిగ్రీ చదువుతోంది. ఆమెకు కూడా కబురు పెడతాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
హాలియా, నల్లగొండ జిల్లా.